ఇల్లమ్మి మోటార్‌హోమ్ ఎక్కాం: అన్నీ బానే ఉన్నాయి, ఆ క్యాసెట్ టాయిలెట్ తప్ప

వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఫ్లాట్ అమ్మేసి మోటార్‌హోమ్‌లోకి మారాం అని చెప్పగానే జనం ముందు బండి రేటు అడుగుతారు, తర్వాత మైలేజ్ అడుగుతారు, ఆ తర్వాత కాస్త దగ్గరకొచ్చి గొంతు తగ్గించి "మరి బాత్రూమో?" అంటారు. అసలు ప్రశ్న అదే. నేను రాయబోయేది కూడా దాని గురించే. బెడ్డు, ఫ్రిజ్జు, సోలార్, పైన ఏసీ, ఇవన్నీ వీడియోల్లో బోలెడు చూసుంటారు, మా బండిలో కొత్తగా ఏం లేదు, అందరికీ ఉన్నవే.

ఫ్లాట్ అమ్మకం గురించి మాత్రం రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తా, ఎందుకంటే చాలామంది ఇక్కడే తడబడతారు. ఈసీ (ఫ్లాట్ మీద అప్పులూ తాకట్లూ లేవని చూపే కాగితం), రిజిస్ట్రేషన్, కొన్నవాళ్ళు ముందే 1 శాతం పన్ను (టీడీఎస్) పట్టుకోవడం, ఇదంతా సాఫీగానే అయిపోయింది. ఇల్లమ్మి రెండేళ్ళలోపు ఇంకో ఇల్లు కొంటే లాభం మీద పన్ను మినహాయింపు ఉంటుంది కదా, మేం కొన్నదీ ఇల్లే కదండీ, అందులోనే వండుకుంటాం అందులోనే పడుకుంటాం అని మా ఆడిటర్ గారితో అంటే ఆయన "దానికి నంబర్ ప్లేట్ ఉంది కదండీ" అని నవ్వేశారు. అంతే, బండి బండే. మాది 2024 జులై 23 తర్వాత అమ్మకం, ఫ్లాట్ ఏమో ఎప్పుడో కొన్నది, అందుకని లాభం మీద పన్ను ఇండెక్సేషన్ (కొన్న ధరని ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి చూడటం) లేకుండా 12.5 శాతం ఒక లెక్క, 20 శాతం ఇండెక్సేషన్‌తో ఒక లెక్క వేయించి ఏది తక్కువైతే అది చూసుకున్నాం, లాభంలో కొంత ప్రభుత్వ సంస్థల బాండ్లలో పెట్టాం. అమ్మిన ఆరు నెలల్లోపు పెట్టాలి, 50 లక్షలు మించకూడదు, ఐదేళ్ళు ముట్టుకోలేం. ఆధార్‌లో అడ్రస్ సీతమ్మధారలో బావమరిది ఇంటికి మార్పించాం. గ్యాస్‌కి 5 కిలోల చిన్న సిలిండర్ తీసుకున్నాం, దానికి అడ్రస్ ప్రూఫ్ గొడవ లేదు, ఐడీ చూపిస్తే ఇస్తారు. ఈ భాగం ఇంతే.

ఇక డబ్బా. క్యాసెట్ టాయిలెట్ అంటే పైకి మామూలు వెస్టర్న్ కమోడ్‌లానే ఉంటుంది, కింద ఒక జారుడు పలక, ఆ పలక కింద ఒక ప్లాస్టిక్ పెట్టె. పని అయ్యాక పలక లాగితే అంతా పెట్టెలోకి పోతుంది, పలక మూసేస్తే వాసన రాదు. పెట్టె నిండితే ఎర్ర లైటు వెలుగుతుంది, బండి బయట చిన్న తలుపు తీసి పెట్టెని లాగితే దానికి చక్రాలు, హ్యాండిలు. మాది 18 లీటర్లది. ఇద్దరికి మూడు రోజులొస్తుందని బండి కట్టిచ్చిన వాళ్ళు చెప్పారు, క్యాటలాగ్‌లో కూడా అలాగే ఉంది.

ఆ లెక్క ఎవరిదో తెలుసా, కాగితంతో తుడుచుకునే వాళ్ళది. ఆ పెట్టె కొలతలు వేసినవాడు ఒక్కొక్కరికి ఇంత, ఫ్లష్‌కి అర లీటరు అనుకుని వేసుంటాడు, మనం కడుక్కునే గొట్టం, హెల్త్ ఫాసెట్, వాడి లెక్కలో ఎక్కడుంది? మనం కడుక్కోకుండా లేవలేం కదా. ఎంత పొదుపుగా పట్టుకున్నా ఒక్కోసారికి లీటరు, లీటరున్నర నీళ్ళు పోతాయి, ఆ నీళ్ళన్నీ ఆ 18 లీటర్లలోకే. ఇద్దరికే ఒకరోజు దాటితే ఎర్ర లైటు. చుట్టాలొస్తే సాయంత్రానికే. అంటే దాదాపు రోజూ ఇరవై కిలోల పైన బరువున్న పెట్టెని లాక్కుంటూ ఎవరి టాయిలెట్లో పొయ్యాలా అని వెతకాలి, మన దగ్గర మోటార్‌హోమ్‌ల కోసం ప్రత్యేకంగా పోసే చోటు అంటూ ఏముంటుంది, మన వైపు అయితే నాకు ఒక్కటి కూడా తగల్లేదు. ఇది కొనేముందు ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదండీ. హెల్త్ ఫాసెట్ పెట్టిస్తాం అని ఎక్స్‌ట్రా డబ్బులు తీసుకుని మరీ బిగించారు, పెట్టె సైజు మాట మాత్రం ఎత్తలేదు.

మొదట్లో నేనే చాలామందికి "సూపర్ ఉంది, వాసనే లేదు, సూట్‌కేసులా లాక్కెళ్ళిపోవడమే" అని చెప్పా. అది అబద్ధం కాదు, అప్పుడు చలికాలం, మేమిద్దరమే, ఎక్కువగా హైవే మీద తిరిగాం, ఉదయాన్నే పెట్రోల్ బంక్‌లో పని కానిచ్చేవాళ్ళం, పెట్టె వాడకం రాత్రిళ్ళు మాత్రమే. అలా వాడితే ఇప్పటికీ సూపరే.

డిసెంబర్‌లో అరకు వెళ్దామని మా అత్తగారు, బావమరిది పిల్లలు కూడా ఎక్కారు. అత్తగారికి మొదట్నుంచీ ఈ బండి మీద నమ్మకం లేదు, పొయ్యికి మూరెడు దూరంలో ఆ గది ఏంటి, పైన దేవుడి పటం ఏంటి అని. మాయావిడే ఎలాగో నచ్చజెప్పింది. ఎస్.కోటలో టిఫిన్ చేసి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాం, అప్పటికే పెట్టె సగం పైన ఉంది, పిల్లలున్నారు కదా. అనంతగిరి వైపు ఆ మలుపుల్లో పెట్టెలో నీళ్ళు గడగడా చప్పుడు, నేను వింటున్నా కానీ పట్టించుకోలేదు. డముకు వ్యూ పాయింట్ దగ్గర కాఫీకి ఆపితే పిల్లలు దిగారు, అత్తగారు లోపలికెళ్ళి తలుపేసుకున్నారు.

ఆవిడ కేక వ్యూ పాయింట్‌లో సెల్ఫీలు తీసుకుంటున్న వాళ్ళందరికీ వినబడింది.

జరిగిందేంటంటే, కింద ఎస్.కోటలో మూసిన పలక, పైన కొండ మీద తీశారు. ఎత్తుకెళ్ళే కొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు కదా, అక్కడిదాకా ఎక్కితే సుమారు పదో వంతు తగ్గుతుంది, మేం ఇంకా దారిలోనే ఉన్నా కొంత తగ్గినట్టే. లోపల గాలి కింద ఒత్తిడితోనే ఉండిపోయింది, దానికి తోడు లోపల పుట్టే గ్యాసు. మామూలుగా ఒత్తిడి బయటకి వదలడానికి పెట్టెకి చిన్న వాల్వ్ ఉంటుంది, మాది మడ్డి పట్టి బిగుసుకుపోయింది. పలక తియ్యగానే బుస్సుమని పైకి కొట్టింది, గ్యాసుతో పాటు, వాసన రాకుండా పెట్టెలో వేసే నీలం మందు కలిసిన నీళ్ళు కూడా. ఇంక ఆవిడ చీర సంగతి నేను రాయను. పాపం ఆవిడ నన్నేమీ అనలేదు, అల్లుణ్ణి కదా, కూతుర్నే పక్కకి పిలిచి "ఉన్న ఇల్లు అమ్ముకుని ఇదేం సంబరమే" అన్నారు. వెనక్కి వచ్చేటప్పుడు వైజాగ్ వచ్చే కిరండూల్ రైలెక్కి వెళ్ళిపోయారు, పిల్లలు కూడా ఆవిడతోనే.

ఆ రాత్రి అరకులో ఒక హోమ్‌స్టే ఆయన్ని అడిగాం, పెట్టె ఖాళీ చేసుకోవచ్చా, డబ్బులిస్తాం అని. ఆయన డబ్బులు వద్దన్నాడు కానీ పెట్టె మూత తియ్యనివ్వలేదు, ముందు ఆ నీలం మందు సీసా చూపించమన్నాడు. వెనకాల చదివి, "ఇది మా సెప్టిక్ ట్యాంక్‌లో పోస్తే లోపల పురుగు చచ్చిపోద్ది సార్, మళ్ళీ ట్యాంక్ పని చెయ్యదు" అన్నాడు. నాకు అప్పటిదాకా అది తట్టలేదు. కరెక్టే, ఆ నీలం మందుల్లో చాలావాటిలో ఫార్మాల్డిహైడ్ లాంటివి ఉంటాయి, వాసన చంపేది సూక్ష్మజీవుల్ని చంపే. సెప్టిక్ ట్యాంక్ నడిచేదే వాటి మీద. చివరికి సగం సగం చేసి బాగా నీళ్ళు కలిపి పోసుకోమన్నాడు. అప్పట్నుంచీ ఫార్మాల్డిహైడ్ లేని రకమే వాడుతున్నాం, రేటు ఎక్కువ, ఎండాకాలం దాని పనితనం కూడా అంతంతే.

వైజాగ్‌లో ఉన్నప్పుడు బావమరిది అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉన్న టాయిలెట్టే మాకు దిక్కు. టైల్స్ మీద గడగడా లాక్కెళ్తుంటే వాచ్‌మన్ ఎదురొచ్చి "ఏటి బావుగారూ, ఊరెళ్తన్నారేటి?" అంటూ సాయం పట్టబోతాడు. వద్దు వద్దు అంటే మర్యాదకి అంటున్నాననుకుని ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. ఒకరోజు చెప్పేశా అందులో ఏముందో. ఇప్పుడు నన్ను చూస్తే మోటార్ స్విచ్ గుర్తొస్తుంది అతనికి.

ఇంకొందరు సలహా ఇస్తారు, అంత కష్టం దేనికండీ, రాత్రిపూట గెడ్డలో (మా వైపు వాగునీ, కాలువనీ అలా అంటాం) పోసేస్తే సరి అని. మన ఊళ్ళో గెడ్డలు ఎక్కడికి పోతాయి? సముద్రంలోకే కదా. పొద్దున్నే ఆ నీళ్ళలోనే పిల్లలు ఆడతారు, వలలు లాగుతారు. ఆ ఒక్క పని మాత్రం మేం చెయ్యం, అవసరమైతే ఇంకో యాభై కిలోమీటర్లు మోసుకెళ్తాం.

ఈ గోలకి కొంత పరిష్కారం దొరికింది గాజువాక ఆటోనగర్‌లో. బండి కట్టిచ్చిన వాళ్ళకి ఫోన్ చేస్తే కొత్త పెట్టె కొనుక్కోమన్నారు తప్ప వాల్వ్ గురించి మాట్లాడలేదు. ఆటోనగర్‌లో ఏసీ వైరింగ్ చేసే ఒక కుర్రాడు డబ్బా మొత్తం విప్పి (ముక్కుకి గుడ్డ కట్టుకుని, పాపం), ఆ వాల్వ్ ఉన్న చోట సన్నటి పైపు బిగించి, కంప్యూటర్లలో ఉండే 12 వోల్టుల చిన్న ఫ్యాను ఒకటి పెట్టి, బయట చిన్న తలుపులో నుంచి గాలి పోయేలా చేశాడు, చివర్లో బొగ్గు నింపిన ఫిల్టర్. పలక తీస్తే ఫ్యాను తిరుగుతుంది, మూస్తే ఆగుతుంది, దానికో స్విచ్. కమోడ్‌లో గాలి కిందకి లాగేస్తుంది కాబట్టి లోపల వాసన అన్నదే లేదు, ఒత్తిడి నిలవదు, కరెంటు కూడా ఏ మాత్రం తినదు. విదేశాల్లో ఇదే పద్ధతిలో రెడీమేడ్ కిట్లు అమ్ముతారు, ఇక్కడ దాని ఖరీదులో చాలా చిన్న వంతులో అయిపోయింది. మందు అసలు వెయ్యకపోయినా నడుస్తోంది. బండి మొత్తంలో నాకు బాగా నచ్చిన వస్తువు ఏదంటే ఇప్పుడు ఈ ఫ్యానే, మూడు లక్షల సోలార్ కాదు.

అయితే దీనికీ ఒకటుంది. వాసన మాయమవదు కదా, బయటకి పోతుంది. బీచ్ రోడ్డులో ఆపితే పగలు గాలి సముద్రం మీద నుంచి, రాత్రి నేల మీద నుంచి సముద్రం వైపు. సాయంత్రం గాలి చూసుకుని కరెక్టుగా ఆపామనుకుంటాం, అర్ధరాత్రి దాటాక గాలి తిరిగి ఆ బొగ్గు ఫిల్టర్ వాసన మన బెడ్ పక్క కిటికీలోంచే వస్తుంది. బొగ్గు మార్చిన కొత్తలో పర్లేదు. ఇంకోటి, ఉప్పు గాలికి ఆ చిన్న ఫ్యాను తుప్పు పట్టి ఆగిపోతూ ఉంటుంది, స్పేర్ పెట్టుకోవాలి. పలక చుట్టూ ఉండే రబ్బరుకి సిలికాన్ గ్రీజే రాయాలి, కొబ్బరి నూనె, వ్యాజిలిన్ రాస్తే ఉబ్బి పాడైపోతుంది.

రెండో పెట్టె కూడా కొన్నాం, ఒకటి నిండితే ఇంకోటి. దాంతో ఖాళీ చేసే చోటు కోసం పరుగు తగ్గింది, కానీ నిండిన పెట్టె పెట్టుకోవడానికి సామాన్ల అర ఒకటి పోయింది, మాయావిడ ఊరగాయ జాడీలు ఉండే అర.

మొన్న ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ లోపలికి మళ్ళీ వెళ్ళాం. 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసింది, చిన్నప్పుడు మా అబ్బాయికి టార్పెడోలు చూపించడానికి వెళ్ళేవాళ్ళం, ఈసారి నేను టాయిలెట్ ఎక్కడుందా అనే వెతికా. 91 మీటర్ల గొట్టంలో అంతమంది ఎలా సర్దుకున్నారో ఏమో. మాయావిడ "వాళ్ళకి జీతం ఇచ్చారండీ" అంది.

తీసుకోవచ్చా అని అడిగితే ఒక్క మాటలో చెప్పలేను. మాకు పిల్లాడు సెటిల్ అయ్యాడు, పెన్షన్ వస్తుంది, సీతమ్మధారలో సెల్లార్ టాయిలెట్ ఉన్న బావమరిది ఉన్నాడు, ఈ మూడూ లేకపోతే ఇంత ధైర్యంగా ఉండేవాళ్ళం కాదేమో. ఇరవై కిలోలు లాగడానికి నా మోకాళ్ళు ఇంకా ఒప్పుకుంటున్నాయి, ఎన్నాళ్ళో చెప్పలేను. చిన్నపిల్లలుంటే, ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఫ్లాట్ అమ్మకుండా అద్దెకిచ్చి ఒక వేసవి, ఒక వానాకాలం బండిలో ఉండి చూడండి. కొనేముందు ఇంట్లోనే ఒక బకెట్ పెట్టుకుని ఇంటిల్లిపాదీ రోజుకి కడుక్కునే నీళ్ళు కొలవండి, ఆ లెక్క పట్టుకుని వెళ్ళి పెట్టె సైజు మాట్లాడండి, కుదిరితే క్యాసెట్ వద్దని కిందన ఫిక్స్‌డ్ ట్యాంక్ పెట్టించుకోండి. అది నిండాక సెప్టిక్ ట్యాంక్ లారీ వాళ్ళని పిలిస్తే లాగేస్తారు, పొద్దున్నే మీరు వాచ్‌మన్‌కి కనబడే పని ఉండదు.

మేం మాత్రం భీమిలి వైపు ఒక చిన్న స్థలం చూస్తున్నాం. ఇల్లు కట్టడానికి కాదు, బండి ఆపుకోవడానికి చోటు, ఒక సెప్టిక్ ట్యాంకు, దాని మీద మూత. బ్రోకర్‌కి ఎంత చెప్పినా అర్థం కాక ప్రతిసారీ డబుల్ బెడ్‌రూమ్ ప్లాన్లు పంపిస్తున్నాడు.