చెన్నై డాబా మీద 1 కిలోవాట్ గాలిమర: కొనదగ్గదేనా?

ఆన్‌లైన్‌లో "హోమ్ విండ్ టర్బైన్, 1 కిలోవాట్" అని అమ్ముతున్న కిట్లన్నీ ఒకే తాను ముక్కలు. మూడో అయిదో రెక్కలు, వెనక ఒక తోక, కరెంటు పుట్టించే అయస్కాంతాల ఆల్టర్నేటర్, బ్యాటరీకి పోయే కరెంటును అదుపుచేసే చార్జ్ కంట్రోలర్, నట్లూ బోల్టుల సంచి. స్తంభం, బ్యాటరీ, ఇన్వర్టర్ విడిగా కొనుక్కోవాలి. ఆ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. యంత్రాలుగా ఇవి మరీ చెడ్డవేం కావు. ఊరి మధ్య డాబాలకు అంటగట్టడం దగ్గరే పేచీ.

పెట్టె మీది 1,000 వాట్లు సెకనుకు 11, 12 మీటర్ల వేగంతో వీచే గాలికి చెప్పిన లెక్క. అంటే గంటకు 40 కిలోమీటర్లు, గొడుగు తిరగబడే గాలి. కోడంబాక్కంలోనో పెరంబూరులోనో చుట్టూ ఇళ్లున్న డాబా మీద సగటు గాలివేగం సెకనుకు 3 మీటర్లు అనుకోవడమే ఉదారం. గాలిలోని శక్తి వేగానికి ఘనంగా మారుతుంది కాబట్టి 12 నుంచి 3కు పడితే చేతికొచ్చేది 64వ వంతు. 1,000 వాట్ల యంత్రం 15 వాట్లకు దిగుతుంది, ఒక ఎల్ఈడీ బల్బుకు సరి. మధ్యమధ్య వచ్చే జోరు గాలులు కూడా కలుపుకుంటే, 2 మీటర్ల వ్యాసమున్న రోటర్, అంటే తిరిగే రెక్కల చక్రం, రోజుకు అర యూనిట్ ఇస్తుంది. అదే డాబా మీద 1 కిలోవాట్ సోలార్ సగటున 4 యూనిట్లు ఇస్తుంది. పైగా 2024లో వచ్చిన కేంద్రప్రభుత్వ ఇంటి సోలార్ పథకం పీఎం సూర్య ఘర్ కింద దానికి 30,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఆ పథకంలో గాలిమరకు చోటు లేదు.

కొనేముందు టేపు పట్టి రోటర్ వ్యాసం చూడండి. 1.3 మీటర్ల రోటర్‌కు 1 కిలోవాట్ అని రాసి ఉంటే అది అబద్ధం. 12 మీటర్ల వేగంలో ఆ వృత్తం గుండా పోయే గాలిలో ఉన్న శక్తే 1,300 వాట్లు. అందులో 59.3 శాతానికి మించి ఏ యంత్రమూ పట్టలేదు. దీన్నే బెట్జ్ పరిమితి అంటారు. అంటే ఎంత గొప్పగా చేసినా 800 వాట్ల లోపే. మెలి తిరిగిన రెక్కలతో నిలువుగా నిలబడే రకాలు చూడముచ్చటగా ఉంటాయి, ఏ దిక్కు గాలికైనా తిరుగుతాయి. కరెంటు మాత్రం ఇంకా తక్కువ.

వేగం ఒక్కటే కాదు, గాలి తిన్నగా రావాలి. నీళ్ల ట్యాంకు, మెట్ల గది, పక్కింటి నాలుగో అంతస్తు దాన్ని సుడులు తిప్పేస్తాయి. 3 మీటర్ల వెదురు గడకు పొడుగాటి గుడ్డపీలిక కట్టి, సముద్రపు గాలి తిరిగే మధ్యాహ్నం వేళ చూడండి. పీలిక ఒకే దిక్కుకు సాగి ఎగరకుండా పైకీ కిందికీ గింగిరాలు కొడితే ఆ ఆలోచన మానుకోవచ్చు. 150 మీటర్ల లోపున్న అడ్డంకులన్నిటికన్నా రెక్కల కింది అంచు 10 మీటర్లు ఎత్తున ఉండాలన్నది పాత సూత్రం. టి.నగర్ సందుల్లో అది జరిగే పని కాదు. దేశపు పవన విద్యుత్ పరిశోధన సంస్థ చెన్నై పల్లికరణైలోనే ఉంది, కానీ యంత్రాల్ని పరీక్షించే కేంద్రం తూత్తుక్కుడి జిల్లా కయత్తారులో పెట్టుకుంది!

చెన్నై దక్షిణ తీరంలో నీలాంకరై నుంచి కోవళం దాకా, సముద్రానికి ఎదురుగా అడ్డు లేని ఇల్లయితే మాట వేరు. సగటు గాలివేగం సెకనుకు 4.5 మీటర్లు ఉంటే రోజుకు 2 యూనిట్ల దగ్గరికి వస్తుంది. కనీసం జూన్ నుంచి డిసెంబర్ దాకా గాలివేగం కొలిచే మీటర్ పెట్టి చూశాకే డబ్బు కట్టండి. సోలార్ లేని రాత్రి వేళ ఆ లోటును గాలిమర నింపుతుందన్న ప్రచారాన్ని ఇక్కడ నమ్మలేం. పొద్దుపోయాక సముద్రపు గాలి సద్దుమణుగుతుంది.

బిగించేటప్పుడు జరిగే తప్పులే ఎక్కువ. స్తంభాన్ని పిట్టగోడకు బిగిస్తే అదురు గోడలోంచి దిగి కింది పడగ్గదిలో రాత్రంతా గుయ్యిమంటుంది. పిల్లర్ తల మీద, బేస్ ప్లేటు కింద రబ్బరు ప్యాడ్లు వేసి నిలపాలి. స్లాబుకు కన్నాలు వేస్తే వానాకాలంలో కారుతుంది. 24 వోల్టుల కిట్ వద్దు. పూర్తి వేగంలో 40 ఆంపియర్లు దాటతాయి, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 20 మీటర్లు దిగేసరికి 300 వాట్లు వేడికే పోతాయి. 48 వోల్టులైతే ఆ నష్టం నాలుగో వంతే. స్తంభం మీద గాలిమర అటూ ఇటూ తిరిగేచోట స్లిప్ రింగులు (కరెంటును కిందికి దింపే తిరుగుడు వలయాలు) ఉన్నాయో లేదో అడగండి, లేకపోతే లోపలి తీగ మెలిపడి తెగుతుంది. గాలిమర తిరుగుతుండగా బ్యాటరీ తీగ ఎప్పుడూ ఊడదీయకండి. లోడు పోయి వోల్టేజి ఎగబాకి కంట్రోలర్ కాలిపోతుంది. తీరం దగ్గర మామూలు బోల్టులు తుప్పుతో పట్టేస్తాయి, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే వేయించండి.

కిందికి వంచి పడుకోబెట్టగల మడత స్తంభం లేని కిట్ ఎంత చవకైనా వద్దు. 2016 డిసెంబర్ 12న వర్ధా తుఫాను నగరం మీదికి వచ్చినప్పుడు గాలి గంటకు 100 కిలోమీటర్లు దాటింది. అప్పుడు స్తంభం మీద పడే తోపుడు సెకనుకు 12 మీటర్ల గాలికన్నా అయిదు రెట్లు. బ్రేక్ స్విచ్ ఆల్టర్నేటర్ నుంచి వచ్చే మూడు తీగల్నీ ఒకదానితో ఒకటి కలిపి (షార్ట్ చేసి) రోటర్‌ను ఆపుతుంది గానీ, జోరు గాలిలో వేస్తే ఆల్టర్నేటర్ లోపలి తీగచుట్లు కాలిపోతాయి. హెచ్చరిక రాగానే, గాలి ఇంకా మెత్తగా ఉన్నప్పుడే బ్రేక్ వేసి, స్తంభం పడుకోబెట్టి, రెక్కలు ఊడదీసి ఇంట్లో పెట్టాలి. ఇద్దరు మనుషులకు గంట పని.