ఇంటిల్లిపాదికీ ఏషియన్ స్టైల్ లంచ్ చేయాలంటే వెదురు స్టీమర్ కొనొచ్చా?

కొనొచ్చు. ఇంట్లో ఏదైనా వేడుకకి ఆరోగ్యంగా, ఏషియన్ స్టైల్‌లో లంచ్ పెట్టాలనుకునేవాళ్లు కచ్చితంగా కొనుక్కోవాలి. ఇది నీళ్లు మరిగే కడాయి మీద పెట్టి ఆవిరితో వండుకునే వెదురు బుట్ట. నా దగ్గర ఉన్నది 10 అంగుళాలది, రెండు అరలూ ఒక అల్లిక మూతా వస్తాయి. అమ్మానాన్నల పెళ్లిరోజు భోజనం దాదాపు మొత్తం దీని మీదే నడిపించాను, డీప్ ఫ్రై అన్నది ఒక్కటీ లేదు, అయినా ఎవరికీ పథ్యం తిండి తిన్నట్టు అనిపించలేదు.

దీని గొప్పతనమంతా మూతలో ఉంది. స్టీలు గిన్నెలో ఆవిరి మీద ఉడికిస్తే మూతకి పట్టిన నీళ్లు చుక్కలు చుక్కలుగా పడి డంప్లింగ్స్ (మోమోల్లాంటివి) పైపొర జిగటగా అయిపోతుంది. ఇక్కడ ఎక్కువైన ఆవిరి అల్లికలోంచి బయటికి పోతుంది, కొంత తేమని వెదురే పీల్చుకుంటుంది. ఈ తేడా బాగా తెలిసేది గుడ్డు కస్టర్డ్‌లో. గిలక్కొట్టిన గుడ్డుకి రెండింతలు గోరువెచ్చని స్టాక్ (కూరగాయలో ఎముకలో ఉడికించి వడకట్టిన నీళ్లు) కలిపి, వడకట్టి, చిన్న కప్పుల్లో పోసి సన్నసెగ మీద పెట్టాను. తీసేసరికి పైన ఒక్క గుంట లేదు, ఒక్క బుడగ లేదు, కప్పు కదిపితే మెత్తగా వణికింది. నాన్న రెండో కప్పు అడిగి మరీ తిన్నారు.

చేపని ప్లేటులో పెట్టి కింది అరలో ఉంచాలి, దాని రసం వేరే వాటి మీద కారకుండా. పై అరలో పుట్టగొడుగులు, టోఫు (సోయా పనీర్), ఆఖర్లో బాక్‌చాయ్ అనే చైనా ఆకుకూర. చేప ముక్క అంగుళం మందం ఉంటే 8 నుంచి 10 నిమిషాల్లో ఉడికిపోతుంది. దించాక ప్లేటులో ఊరిన నీళ్లు మాత్రం పారబోయండి, నీచువాసన అందులోనే ఉంటుంది. తర్వాత సన్నగా చీరిన అల్లం, ఉల్లికాడలు పరిచి, బాగా కాగిన నూనె రెండు చెంచాలు వాటి మీద పోస్తే చుయ్‌మంటుంది చూడండి, ఆ వాసనకి పిల్లలతో సహా అందరూ వంటింట్లోకి వచ్చేశారు.

ఆవిరి వంట అనగానే అంతా ఆరోగ్యమే అనుకోకూడదు. కూరగాయల్ని నీళ్లలో ఉడికించి వంపేస్తే పోయే విటమిన్ సి లాంటివి ఇందులో ఎక్కువ మిగులుతాయి, నిజమే. కానీ ఉప్పంతా సాస్‌లో ఉంటుంది. ఒక్క టేబుల్‌స్పూన్ మామూలు సోయాసాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 2000 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ ఉన్న పెద్దలు ఇంట్లో ఉంటే ఇది చిన్న విషయం కాదు. నేను సోయాసాస్‌కి సమానంగా ఉప్పులేని స్టాక్ కలిపి, రైస్ వెనిగర్, అల్లం తురుము, నాలుగు చుక్కల నువ్వుల నూనె వేసి చిన్న గిన్నెల్లో విడిగా పెట్టాను.

నాకు అన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. నూడుల్స్, ఫ్రైడ్ రైస్ చేస్తే వండేవాళ్లు చివరిదాకా పొయ్యి దగ్గరే నిలబడాలి. ఇది అరలతో సహా తెచ్చి టేబుల్ మీద పెట్టేయొచ్చు, మూత తీసేదాకా వేడిగా ఉంటుంది. అమ్మ పక్కన కూర్చుని నేనూ అందరితో పాటు తిన్నాను.

ఇబ్బందులు లేకపోలేదు. కొత్తలో వెదురు వాసన గట్టిగా వస్తుంది, ముందు నీళ్లలో నానబెట్టి ఒకసారి ఖాళీగా ఆవిరి పట్టించాలి. కడాయిలో నీళ్లు అయిపోతే కింది అంచు మాడిపోతుంది కాబట్టి మధ్యలో వేడినీళ్లు పోస్తూ ఉండాలి. సబ్బు వాడకూడదు, పీల్చేసుకుంటుంది, అందుకే అడుగున క్యాబేజీ ఆకో చిల్లులు పెట్టిన బటర్‌పేపరో వేస్తే కడగడం తేలిక. పూర్తిగా ఆరకుండా లోపల పెట్టేస్తే బూజు ఖాయం. నాది అప్పుడే ఒకచోట కట్టు కాస్త వదులైంది, ఆ ధరకి కట్లు ఇంకొంచెం గట్టిగా ఉండాల్సింది.

నలుగురైదుగురికి 10 అంగుళాలది సరిపోతుంది. చేపని ముక్కలు చేయకుండా పెట్టాలన్నా, ఇంకా ఎక్కువమంది ఉన్నా 12 అంగుళాలది తీసుకోండి, కాకపోతే దానికి 14 అంగుళాల కడాయి కావాలి, ఇంట్లో ఉందో లేదో చూసుకుని ఆర్డర్ పెట్టండి.