సెఫారియా సమీక్ష: తాల్ముద్ చదువుకు ఉచిత గ్రంథాలయం, దాన్ని వాడే పద్ధతి

యూదుల మూలగ్రంథాలు చదవాలనుకునేవాళ్లు ముందుగా తెరవాల్సింది సెఫారియా. వెబ్‌సైటుకూ ఫోన్ యాప్‌కూ డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు లేవు, చదవడం వరకైతే ఖాతా కూడా అక్కర్లేదు. హీబ్రూ బైబిల్, మిష్నా (రబ్బీల, అంటే యూద పండితుల, తొలి ధర్మ సంకలనం), దాని మీద సాగిన చర్చలైన బాబిలోనియా తాల్ముద్, జెరూసలెం తాల్ముద్, మిద్రాష్‌లు (బైబిల్ మీద రబ్బీల వివరణలు, కథలు), ధర్మశాస్త్ర గ్రంథాలు, వాటి మీద శతాబ్దాలుగా వచ్చిన వ్యాఖ్యానాలు అన్నీ ఒకే చోట ఉన్నాయి. అయితే వాడే పద్ధతి తెలియకపోతే ఇంగ్లిష్ వరుస గబగబా చదివేసి తాల్ముద్ చదివామనుకునే ప్రమాదం ఉంది. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

పాత్రికేయుడు జాషువా ఫోయర్, గూగుల్‌లో పనిచేసి వచ్చిన బ్రెట్ లాక్‌స్పైజర్ 2011లో అమెరికాలో దీన్ని లాభాపేక్ష లేని సంస్థగా మొదలుపెట్టారు. అప్పటికి ఫోయర్‌కు ముప్పై నిండలేదు. ఆ కాలంలో అమెరికా యూద యువత కోసం పుట్టిన సంస్థలు చాలావరకు మనుషుల్ని ఒకచోట చేర్చే పని పెట్టుకున్నాయి. 2006లో ఓక్లండ్‌లో మొదలైన మోయిషీ హౌస్, ఒకే ఇంట్లో కలిసి ఉండే యువతీయువకులకు ఇంటి అద్దెలో సాయం చేసి, బదులుగా ఆ ఇంట్లో తోటివాళ్లకు కార్యక్రమాలు జరపమంటుంది. వన్‌టేబుల్ శుక్రవారం రాత్రి షబ్బాత్ (వారపు విశ్రాంతిదినం) భోజనానికి నలుగురిని పిలిచేవాళ్లకు ఖర్చులో ఆసరా ఇస్తుంది. రెండూ మంచి పనులే. సెఫారియా వేరే కొస పట్టుకుంది: అలా కూర్చున్నవాళ్లు చదువుకోవాలనుకుంటే చేతిలో ఏముండాలి?

గ్రంథాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం వీళ్లతో మొదలు కాలేదు. ఇజ్రాయెల్‌లో, ధర్మసందేహాలకు రబ్బీలు రాసిన జవాబులను ఎక్కించే రెస్పాన్సా ప్రాజెక్టు 1963లోనే మొదలై, తర్వాత బార్ ఇలాన్ విశ్వవిద్యాలయానికి చేరింది. వెతకడంలో ఇప్పటికీ దానిదే పైచేయి, కాకపోతే డబ్బు కట్టి వాడుకోవాలి. సెఫారియా కొత్తదనం రెండు చోట్ల ఉంది. ఒకటి, వాక్యానికీ వాక్యానికీ మధ్య వేసిన లంకెలు. రెండోది, ప్రోగ్రాం కోడ్‌నూ, వీలైనంత పాఠాన్నీ ఎవరైనా దించుకుని తిరిగి వాడుకునేలా బయట పెట్టడం. తమ సమాజపు ఉమ్మడి ఆస్తిని ఉమ్మడిగానే ఉంచాలన్న ఆ నిర్ణయాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

లంకెల సంగతి బెరఖోత్ 2ఎలో (బెరఖోత్ అనే భాగంలో రెండో ఆకు మొదటి వైపు) తేలిగ్గా బోధపడుతుంది. తాల్ముద్ మొదలయ్యేది ఆ పుటలోనే. సాయంత్రం షెమా (రోజూ చదివే ప్రార్థన) ఎప్పటినుంచి చదవాలి అని మిష్నా అడుగుతుంది. యాజకులు తెరూమా (తమ వాటాగా వచ్చిన పంట) తినడానికి లోపలికి వెళ్లే వేళనుంచి అని మొదలు చెబుతుంది. ముగింపు దగ్గర మూడు మాటలు: మొదటి జాము చివరిదాకా అని రబ్బీ ఎలియేజెర్, అర్ధరాత్రిదాకా అని తక్కిన పండితులు, తెల్లవారుజాముదాకా అని రబ్బాన్ గమ్లియేల్. ఆ వాక్యం మీద నొక్కితే పక్కన ఒక పట్టీ తెరుచుకుంటుంది, ఫోన్‌లోనైతే కింది సగంలో. వ్యాఖ్యానాలు, బైబిల్, మిద్రాష్, హలఖా (ధర్మశాస్త్రం) అని విభాగాలు, ఒక్కోదాని ఎదుట లంకెల సంఖ్య. మధ్యయుగ వ్యాఖ్యాత రాషీని తెరిస్తే మొదటి జాము అంటే రాత్రిలో మూడో వంతు అని ఉంటుంది. హలఖా వైపు వెళ్తే పన్నెండో శతాబ్దపు మైమోనిడెస్ ధర్మశాస్త్రం, అక్కణ్నుంచి పదహారో శతాబ్దపు ధర్మసంగ్రహం షుల్హాన్ అరూఖ్‌లో 235వ ప్రకరణం. మిష్నాలో మొదలైన వాదం ఆచరణలో ఎలా స్థిరపడిందో కళ్ల ముందే కనబడుతుంది. పుస్తకాల్లో ఇదే పని చేయాలంటే బల్ల నిండా సంపుటాలు పరుచుకోవాలి, ఏ సంపుటంలో ఎక్కడ చూడాలో ముందే తెలిసుండాలి.

ఆ సంఖ్యలు చూసి దారి తప్పడం మాత్రం తేలిక. ఎక్కువ లంకెలున్న గ్రంథం ఎక్కువ ముఖ్యమైనదేమీ కాదు. ఆ వాక్యాన్ని మాటవరసకు ఉటంకించిన పుస్తకమూ, దాన్ని మూడు పేజీలు చర్చించిన పుస్తకమూ లెక్కలో సమానమే. ఆదికాండం 1:1 దగ్గర వందల లంకెలు వచ్చి పడతాయి. తాల్ముద్‌లో ముందు రాషీ, తర్వాత తోసఫోత్ (రాషీ తర్వాతి పండితుల వ్యాఖ్యలు) చూసి, సందేహం తీరకపోతేనే మిగతావి తెరవాలి. పదం మీద నొక్కితే నిఘంటువులు వస్తాయి. తాల్ముద్‌లోని అరామిక్ భాషకు 1903లో పూర్తయిన జాస్ట్రో నిఘంటువు ఇప్పటికీ పనికొస్తుంది. పదానికి ముందు అతుక్కున్న అక్షరాల వల్ల ఒక్కోసారి సంబంధం లేని ధాతువు చూపిస్తుంది కాబట్టి, వచ్చిన మొదటి అర్థంతో సరిపెట్టుకోకూడదు.

అందరూ జాగ్రత్తపడాల్సింది ఇంగ్లిష్ అనువాదం దగ్గర. అడిన్ స్టైన్‌సాల్ట్స్ తాల్ముద్‌ను ఆధునిక హీబ్రూలో వివరిస్తూ 1965లో పని మొదలుపెట్టి 2010లో ముగించారు. దాని ఆధారంగా కోరెన్ ప్రచురించిన ఇంగ్లిష్ పాఠాన్ని విలియం డేవిడ్‌సన్ ఫౌండేషన్ ఆర్థిక సాయంతో సెఫారియా 2017 నుంచి ఉచితంగా అందిస్తోంది. అందులో ముద్ద అక్షరాల్లో ఉన్నది మూలంలోని మాట, మామూలు అక్షరాల్లో ఉన్నది వివరణ. మన పాత వ్యాఖ్యాన పుస్తకాల్లో ప్రతిపదార్థాన్నీ తాత్పర్యాన్నీ ఒకే వాక్యంలో కలిపి అల్లితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. చదవడానికి హాయిగా ఉంటుంది, చిక్కు కూడా అక్కడే.

మొదటి జాము అన్నచోట మిష్నా మూలంలో ఉన్నవి కొద్దిపాటి మాటలే. ఇంగ్లిష్‌లో దాని వెంటనే మామూలు అక్షరాల్లో, ద్వితీయోపదేశకాండం 6:7లో పడుకునేటప్పుడు అని ఉంది కాబట్టి జనం నిద్రకు సిద్ధమయ్యే రాత్రి తొలి భాగమే దీనికి వేళ, అన్న వివరణ వస్తుంది. తర్వాత గెమారా (తాల్ముద్‌లో మిష్నా మీద సాగే చర్చ) తొలి ప్రశ్న వేస్తుంది: మిష్నా చెప్పినాయన ఏ ఆధారం మీద నిలబడి ఎప్పటినుంచి అని అడుగుతున్నాడు? దానికి గెమారా ఇచ్చే జవాబు కూడా ఆ వాక్యమే. ఇంగ్లిష్ వరుస మాత్రమే చదివినవాళ్లకు ప్రశ్న పుట్టకముందే జవాబు చేతికి వచ్చేసింది, ఇక గెమారా ఎందుకు తడబడుతోందో అర్థం కాదు. మొదటిసారి ముద్ద అక్షరాలు మాత్రమే చదివి, ఎక్కడ గొలుసు తెగిందో గుర్తుపెట్టుకుని, రెండోసారి అంతా చదివితే ఈ ఇబ్బంది ఉండదు. నెమ్మదిగా సాగుతుంది, అయినా చదువు జరిగేది అలాగే.

పాఠాన్ని కాపీ చేసి వేరే చోట అతికించేటప్పుడు ముద్ద అక్షరాలు మాయమైతే ఇంకా ఘోరం. స్టైన్‌సాల్ట్స్ వివరణ అంతా తాల్ముద్ చెప్పిన మాటగా చలామణీ అయిపోతుంది. ఉపన్యాసాల్లో, వాట్సాప్ సందేశాల్లో తిరిగే తాల్ముద్ సూక్తులను మూలంతో పోల్చి చూస్తే ఇది తరచుగా బయటపడుతుంది.

అనువాదాలన్నిటిదీ ఒకే స్థాయి అనుకోకూడదు. కొన్ని ముద్రిత సంచికలనుంచి వచ్చినవి, కొన్ని పాఠకులే చేసిన సామూహిక అనువాదాలు. రెండూ తెర మీద ఒకే అక్షరాల్లో, ఒకే హుందాతనంతో కనిపిస్తాయి. పక్క పట్టీలో పాఠం గురించి అన్న భాగం తెరిస్తే ఏ సంచిక, ఎక్కణ్నుంచి తీసుకున్నారు, ఏ లైసెన్సు అన్నది ఉంటుంది. ఎవరికైనా చూపించబోయే ముందు అది చూడటం తప్పనిసరి. తాల్ముద్ ఇంగ్లిష్ పాఠాన్ని పేరు చెప్పి, వ్యాపారానికి కాకుండా పంచుకోవచ్చు. బైబిల్‌కు జ్యూయిష్ పబ్లికేషన్ సొసైటీ 1917లో వేసిన అనువాదం మీద హక్కుల బెడద లేదు, 1985 నాటి దాని మీద ఉంది. తోసఫోత్‌లో చాలా భాగానికి, ధర్మసందేహాల ప్రశ్నోత్తర సాహిత్యంలో ఇంకా ఎక్కువ భాగానికి ఇంగ్లిష్ లేదు. హీబ్రూ రానివాళ్లకు ఏదో ఒక దశలో గోడ తగులుతుంది.

తెర మీద పోయేది పుట రూపం. తాల్ముద్‌కు ప్రామాణికమైన విల్నా ముద్రణలో గెమారా మధ్యలో, లోపలి అంచున రాషీ, బయటి అంచున తోసఫోత్. ఆ స్థానాలను బట్టే చదువరికి పుట గుర్తుండిపోతుంది. సెఫారియా దాన్ని చిన్న చిన్న ఖండాలుగా విడగొట్టి 2ఎ:1, 2ఎ:2 అని అంకెలు వేస్తుంది. ఆ రెండో అంకె అచ్చు పుస్తకంలో ఉండదు. ఎదుటివాళ్ల చేతిలో పుస్తకం ఉన్నప్పుడు 2ఎ:3 చూడండి అంటే ఎవరూ వెతకలేరు. ఖండంలోని మొదటి రెండు మూడు పదాలు చదివి వినిపించాలి. అసలు పుట చూడాలంటే హీబ్రూబుక్స్ సైటులో అచ్చు ప్రతుల బొమ్మలు ఉన్నాయి. తోరాను (బైబిల్ తొలి ఐదు కాండాలు) మధ్యయుగ వ్యాఖ్యాతలందరితో పక్కపక్కన చదవడానికి అల్‌హతోరా సైటు అమరిక మెరుగ్గా ఉంటుంది. మూడూ ఉచితమే కాబట్టి ఒకదానికే కట్టుబడి ఉండక్కర్లేదు.

వెతుకులాటలో పాత గ్రంథాల సంక్షిప్తాలు చిక్కు తెస్తాయి. రబ్బీ ఎలియేజెర్ అని పూర్తిగా కొడితే, రెండక్షరాల పొడి రూపంలో ఉన్న చోట్లు జారిపోతాయి. హీబ్రూలో స్వరాలను సూచించే అక్షరాలు పూర్తిగా రాసిన వర్ణక్రమం, కుదించిన వర్ణక్రమం రెండూ విడివిడిగా వెతకాలి. ఫలానా మాట ఎక్కడా లేదు అని రాయడానికి సెఫారియా ఒక్కటే చాలదు.

సమాజ జీవితంలో దీని పాత్ర బాగా కనిపించేది సోర్స్ షీట్లలో, అంటే ఉల్లేఖనాలు ఒకచోట పేర్చిన చదువు పత్రాల్లో. గ్రంథం పేరు, ప్రకరణం కొడితే హీబ్రూ, ఇంగ్లిష్ రెండూ వచ్చి చేరతాయి, మధ్యలో ప్రశ్నలు రాసుకోవచ్చు, ఇతరులు పంచిన షీటును ప్రతి తీసుకుని మార్చుకోవచ్చు. దీనికి మాత్రం ఖాతా కావాలి. గంట చదువుకు నాలుగైదు ఉల్లేఖనాలు చాలు. ఇద్దరిద్దరుగా హవ్రూతాలో చదివేటప్పుడు ఒక్కోదానికి పది నిమిషాలు తేలిగ్గా పడుతుంది. పదిహేను కుక్కిన షీట్లు ఎక్కడపడితే అక్కడ కనిపిస్తాయి, వాటిలో సగం ఎవరూ చదవరు. బయటి డాక్యుమెంటులోకి పంపితే ఒకే పంక్తిలో ఉన్న హీబ్రూ, ఇంగ్లిష్ వరుస తారుమారై విరామచిహ్నాలు అటూ ఇటూ గెంతుతాయి. హీబ్రూను వేరే పేరాలో పెట్టి దాని దిశ కుడినుంచి ఎడమకు మార్చాలి.

ఆచారం పాటించే ఇళ్లలో షబ్బాత్‌నాడు ఫోన్ ముట్టుకోరు. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే అచ్చు తీసి పెట్టుకోవాలి. రాత్రంతా మేల్కొని చదివే షావూఓత్ పండుగకూ అంతే. దేవుని నామం ఉన్న కాగితాన్ని చెత్తలో వేయరు, గెనీజాకు (పాత పవిత్ర ప్రతులు దాచే చోటు) చేరుస్తారు. అందుకని కావాల్సినన్ని ప్రతులే తీయడం మంచిది.

రోజుకో ఆకు, రెండు వైపులా, చదివే దాఫ్ యోమీ వాళ్లకు క్యాలెండర్‌లో ఆనాటి ఆకు నేరుగా తెరుచుకుంటుంది. 2020 జనవరి 5న మొదలైన ఇప్పటి ఆవృత్తి 2711 రోజులది, ఏడున్నరేళ్లకు దగ్గర. రైల్లోనో విమానంలోనో చదవాలంటే యాప్ సెట్టింగుల్లో కావాల్సిన విభాగాలను ఇంటర్నెట్ ఉండగానే దించుకోవాలి. తాల్ముద్ దించి వ్యాఖ్యానాలు వదిలేస్తే పాఠం వస్తుంది గానీ రాషీ మీద నొక్కితే ఏమీ రాదు. మొత్తం గ్రంథాలయం దించితే ఫోన్‌లో చాలా చోటు తినేస్తుంది. తాల్ముద్, దాని వ్యాఖ్యానాలు, తోరా ఉంటే ప్రయాణంలో చదువుకు సరిపోతుంది.