సెలయేటి ఒడ్డున యూవీ లైట్ ట్రాప్: క్యాడిస్‌ఫ్లైల పనికి సరిపోతుందా?

12 వోల్టుల బ్యాటరీ, యూవీ (అతినీలలోహిత కాంతి) ఎల్‌ఈడీ పట్టీ, తెల్లటి ప్లాస్టిక్ ట్రే: ఈ కిట్టులో ఉన్నవి ఇంతే. అయినా కొండవాగుల దగ్గర క్యాడిస్‌ఫ్లైలను (పిల్లదశలో నీటిలో బతికి, పెద్దయ్యాక చిమ్మటల్లా ఎగిరే పురుగులను) పట్టడంలో మంచి పనిమంతురాలు. ట్రేలో 80 శాతం ఆల్కహాల్ వేలెడు మందాన పోసి, నీటికి రెండడుగుల దూరంలో పెట్టి, పొద్దు వాలగానే లైటు వేస్తే రెండు గంటలు చాలు. చలిగాలి వీచినా, నిండు వెన్నెల కాసినా పురుగులు పలచబడతాయి; దానికి లైటును తిట్టి లాభం లేదు.

లోపాలూ ఉన్నాయి. ట్రే అంచు మరీ పొట్టి, గాలికి ఆల్కహాల్ ఒలుకుతుంది. వైరు అతుకు దగ్గర తేమ చేరుతుంది; రబ్బరు టేపు చుట్టాల్సిందే. చిమ్మటలు ఎక్కువగా పడితే వాటి పొలుసులు క్యాడిస్‌ఫ్లైల రెక్కలకు అంటుకుంటాయి. అందుకే గంటకోసారి ఏరుకోవాలి. పురుగుల ఒంట్లోని నీటికి ఆల్కహాల్ పలచబడుతుంది గనుక మర్నాడే మార్చాలి.

అరుదైన జాతిని తేల్చేది రెక్కల రంగు కాదు, మగపురుగు పొట్ట చివరనున్న జననాంగాలు. పొట్టను 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో (లోపలి మెత్తని కండను కరిగించే క్షారంలో) రాత్రంతా నానబెట్టి, కడిగి, గ్లిజరిన్‌లో ఉంచి మైక్రోస్కోపు కింద చూడాలి. నానబెట్టే బదులు ఎక్కువసేపు మరిగిస్తే సన్నని పొరలు ఆనవాలు లేకుండా పోతాయి. డీఎన్‌ఏ కోసమైతే ఒక కాలు విడిగా 95 శాతం ఆల్కహాల్‌లో దాచాలి.

పగటిపూట ఎగిరే జాతులు ఈ ట్రాపుకు పెద్దగా చిక్కవు, వాటికి చేతివలే దిక్కు. రక్షిత అడవిలో పెట్టే ముందు అటవీశాఖ అనుమతి తప్పనిసరి.