తీరపక్షుల ఆవాసాల చట్టంపై హైదరాబాద్‌లో ఒక వారాంతపు కోర్సు

సముద్రానికి ఇంత దూరంలో ఉన్న హైదరాబాద్‌లో తీరపక్షుల ఆవాసాలకున్న చట్టరక్షణపై కోర్సు ఏమిటని ఎవరైనా అడగవచ్చు. అయితే శీతకాలంలో అమీన్‌పూర్ చెరువు గట్టున బైనాక్యులర్లతో కనిపించేవారిలో చాలామంది పులికాట్, కోరింగ కూడా వెళ్లి వస్తుంటారు. అక్కడ తాము చూసిన బురదనేల ఏ చట్టం కింద ఉందో చెప్పగలిగేవారు మాత్రం అరుదు. హిమాయత్‌నగర్‌లో ఒక చిన్న శిక్షణ సంస్థ నడుపుతున్న ఈ కోర్సు వారి కోసమే.

తొలి తరగతులు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానివి. పులికాట్, నేలపట్టు 1976లోను, కోరింగ 1978లోను, కొల్లేరు ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు రేఖ) వరకు 1999లోను అభయారణ్యాలయ్యాయి. ఒకసారి ప్రకటించిన అభయారణ్యం సరిహద్దును జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేకుండా మార్చకూడదనే 26ఏ సెక్షన్‌ను కొల్లేరు ఉదాహరణతో వివరించిన తీరు బాగుంది కానీ, ఈ చట్టం ముందే చదివినవారికి ఈ భాగం కొత్త కాదు.

కోర్సుకు అసలు విలువ తెచ్చేది సీఆర్‌జెడ్, అంటే తీరం వెంబడి పనులను నియంత్రించే ‘తీర నియంత్రణ మండలం’ నోటిఫికేషన్‌పై జరిగిన తరగతి. 1991లో మొదలై 2011లోను, 2019లోను కొత్త రూపం దాల్చిన ఈ నోటిఫికేషన్, మడ అడవులను, జీవసమృద్ధి గల బురదనేలలను, ఉప్పు చిత్తడులను, పక్షులు గూళ్లు కట్టే చోట్లను అత్యంత కఠినమైన 1ఏ తరగతిలో ఉంచింది. అధ్యాపకుడు ఇక్కడ ఆగి వేసిన ప్రశ్న పదునైనది: ఉత్తర ధ్రువప్రాంతపు టండ్రాలో గుడ్లు పెట్టి, మన తీరానికి కేవలం మేతకు వచ్చే ఉల్లంకి పిట్టకు ఈ జాబితాలో చోటెక్కడ? దానికి గూడు ఇక్కడ లేదు. అది మేసే నేలను బురదనేలగా పటంలో గుర్తిస్తేనే దాని ఆవాసానికి ఈ రక్షణ దక్కుతుంది. పోటు వచ్చి ఆ నేల మునిగినప్పుడు అది ఉప్పుమడుల్లోకి వెళ్లి వాలుతుంది. 2017 నాటి చిత్తడినేలల నియమాలేమో ఉప్పు తయారీ కోసం కట్టిన మడులను చిత్తడినేల నిర్వచనం నుంచే తప్పించాయి. పిట్టను వేటాడటం ఎక్కడైనా నేరమే, దాని విశ్రాంతి స్థలాన్ని చదును చేయడం మాత్రం చాలాచోట్ల నేరం కాదు. తీర నిర్వహణ ప్రణాళికల పటాలను బల్లపై పరిచి, పోటు రేఖ ఎక్కడ పడిందో, ఏ ముక్కకు ఏ రంగు వేశారో అందరిచేత వెతికించిన అభ్యాసం ఒక్కటే చెల్లించిన రుసుముకు సరిపోతుంది.

రొయ్యల చెరువుల చరిత్రనూ దాటవేయలేదు. సీఆర్‌జెడ్ పరిధిలోని చెరువులను తొలగించాలని 1996లో సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథ్ కేసులో ఆదేశిస్తే, తీరప్రాంత జలసాగు ప్రాధికార సంస్థను ఏర్పరచిన 2005 చట్టం ఆ సాగును సీఆర్‌జెడ్ నిషేధం నుంచి వెనుకటి తేదీతో మినహాయించింది. గోదావరి జిల్లాల నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన ఇద్దరు ముగ్గురు ఈ దశలో గట్టిగా వాదించారు, అధ్యాపకుడు వారిని అడ్డుకోకపోవడం నాకు నచ్చింది.

విదేశాల భాగం హడావిడిగా సాగింది. అమెరికా 1918 వలసపక్షుల చట్టం, ఐరోపా 1979 పక్షుల ఆదేశం పేర్లతోనే ముగిశాయి. ఇంగ్లండ్‌లోని లాపెల్ బ్యాంక్ అనే బురదనేల కేసుకు మాత్రం కాస్త సమయమిచ్చారు: రక్షిత ప్రాంతపు హద్దులు గీసేటప్పుడు ఆర్థిక ప్రయోజనాలను లెక్కలోకి తీసుకోరాదని ఐరోపా న్యాయస్థానం 1996లో తేల్చేసరికి ఆ బురదనేల రేవులో కలిసిపోయింది. తీర్పు వచ్చేలోగా పనులు ఆపించే మధ్యంతర ఉత్తర్వు ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. దానికి పూర్తి తరగతి కేటాయించవలసింది.

లోపాల్లో పెద్దది, బోధన చక్కని తెలుగులో ఉన్నా చేతికిచ్చే పత్రాలన్నీ ఇంగ్లిష్‌లో ఉండటం. ఆలాల వంటి అసలైన సముద్రపక్షుల గురించి, తీరానికి ఆవల 12 నాటికల్ మైళ్ల వరకు ఉన్న జలాల గురించి దాదాపు ఏమీ లేదు. పులికాట్ క్షేత్ర పర్యటనకు విడిగా డబ్బు తీసుకుంటున్నారు, అది కోర్సులో భాగం కావలసింది. న్యాయ విద్యార్థులకు, తీరప్రాంత వార్తలు రాసే విలేకరులకు నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. పక్షుల గుర్తింపు నేర్చుకోవాలనుకునేవారు మాత్రం దీనికి రాకపోవడమే మంచిది.