ఎన్నికల జోస్యానికి గూగుల్ ట్రెండ్స్, ఎక్స్ డేటా ఏ మేరకు పనికొస్తాయి?

ఎన్నికల ముందు వాట్సాప్ గ్రూపుల్లో గూగుల్ ట్రెండ్స్ స్క్రీన్‌షాట్లు తిరుగుతుంటాయి. ఒక పార్టీది నీలం గీత, ఇంకో పార్టీది ఎర్ర గీత, ఏది పైనుంటే దానిదే గెలుపని తీర్పు. ఏ మాటని జనం గూగుల్‌లో ఎంతగా వెతికారో చూపించే ఈ ఉచిత పనిముట్టుకి మా మార్కులు అయిదుకి రెండున్నర. ఏ ప్రచారాంశం ఎప్పుడు ఏ ఊళ్లో జనం నోట పడిందో చూడ్డానికి బాగుంటుంది. సీట్లు లెక్కేయడానికి మాత్రం పనికిరాదు. ఇది సర్వే కాదని గూగులే తన సహాయ పేజీలో రాసుకుంది కూడా.

అందులో కనిపించే 0 నుంచి 100 అంకె వెతికినవాళ్ల సంఖ్య కాదు. ఆ ప్రాంతంలో ఆ సమయంలో జరిగిన మొత్తం సెర్చిల్లో ఈ మాట వాటా తీసి, అది గరిష్ఠంగా ఉన్న చోట 100 పెట్టి, మిగతాదంతా దానికి తగ్గట్టు కుదిస్తారు. అందుకే నెల గ్రాఫులో 100గా ఉన్న రోజు ఆర్నెల్ల గ్రాఫులో 12కి పడిపోవచ్చు. విడివిడిగా తీసిన రెండు గ్రాఫుల్ని పక్కన పెట్టి పోల్చడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. పోల్చాలనుకున్న పేర్లన్నీ ఒకే గ్రాఫులో ఉండాలి. అందులో పట్టే పేర్లకి పరిమితి ఉంది కాబట్టి, ఇంకా పేర్లుంటే ప్రతి విడతలోనూ ఒక పేరుని ఉమ్మడిగా ఉంచి దానితో సరిచూసుకోవాలి. పైగా ఇది నమూనా డేటా. అదే ప్రశ్న రేపు అడిగితే అదే పాత తేదీకి వేరే అంకె రావచ్చు. వరసగా ఓ వారం రోజూ ఆ అంకెల పట్టిక (సీఎస్‌వీ ఫైలు) దించుకుని సగటు తీస్తే కాస్త నిలకడ వస్తుంది.

మాటల ఎంపికలోనే సగం పని చెడుతుంది. పార్టీల ఎన్నికల గుర్తులతో వెతకడం శుద్ధ దండగ. ఏప్రిల్, మే నెలల్లో 'ఫ్యాను' అని కొట్టేవాళ్లలో ఉక్కపోత భరించలేనివాళ్లెందరో, వైసీపీ వాళ్లెందరో ఎవరు చెప్పగలరు? సైకిలు, గ్లాసు, కారు కూడా అంతే. మామూలు పదం బదులు 'టాపిక్' ఎంచుకుంటే తెలుగు లిపి, ఇంగ్లిషు అక్షరాలు, రకరకాల స్పెల్లింగులు చాలావరకు ఒక చోటికొస్తాయి. టాపిక్ లేని పేర్లకి ప్లస్ గుర్తుతో స్పెల్లింగులన్నీ కలుపుకోవాలి, అక్కర్లేని మాటని మైనస్‌తో తీసెయ్యాలి. పవన్ కల్యాణ్ దగ్గర మాత్రం ఈ కిటుకులన్నీ చాలవు. సినిమా సెర్చీని, రాజకీయ సెర్చీని శుభ్రంగా విడదీయడం కుదరదు. వెబ్ సెర్చి బదులు యూట్యూబ్ సెర్చి ఎంచుకుంటే పాటలు, టీజర్లు వచ్చి ఇంకా కలగాపులగమవుతుంది.

ప్రాంతం దగ్గర ఇంకో చిక్కుంది. ఇండియా అని వదిలేస్తే దేశమంతా వచ్చి పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌కి కుదిస్తే, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటూ పోలింగుకి బస్సెక్కి ఊరెళ్లేవాళ్లు లెక్కలోంచి జారిపోతారు. నియోజకవర్గాల వారీ అంకెలు అసలుండవు. ఊళ్ల జాబితా ఉంటుంది గానీ చిన్న పట్టణాల్లో సెర్చిలు తక్కువైతే 0 చూపిస్తుంది. ఆ సున్నాకి అర్థం మద్దతు లేదని కాదు, కొలవడానికి తగినంత డేటా లేదని.

ఇక గీత పైకి లేచిందంటే అభిమానమే కానక్కర్లేదు. 2023 సెప్టెంబరు 9న చంద్రబాబు అరెస్టు, 2024 ఏప్రిల్ 13న విజయవాడలో జగన్‌పై రాయి దాడి లాంటి రోజుల్లో అభిమాని వెతుకుతాడు, ప్రత్యర్థి వెతుకుతాడు, ఏ గొడవా లేనివాడూ వెతుకుతాడు. అందుకే నాయకుల పేర్ల కంటే 'ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్' (2024 ప్రచారంలో నలిగిన భూహక్కుల చట్టం) లాంటి మాటలు వేసి చూడటం మేలు. సభల్లో అరిచిన మాట ఇళ్లలోకి ఎప్పుడు చేరిందో, ఏ ఊళ్లో ముందు చేరిందో అలాంటి చోటే తెలుస్తుంది. ఆ రెండున్నర మార్కులూ దీనికే.

ఎక్స్‌కి (పాత ట్విట్టర్) ఒక్క మార్కు ఇచ్చినా ఎక్కువే. అక్కడి పోస్టుల డేటా తీసుకోవడానికి పరిశోధకులకి ఉన్న ఉచిత దారి 2023లో మూసుకుపోయింది. అప్పటి ధరల్లో నెలకి 100 డాలర్లు కడితే చదవనిచ్చింది 10 వేల పోస్టులు, 5,000 డాలర్లు కడితే 10 లక్షలు. అంత పోసి తెచ్చుకున్న దాంట్లో పార్టీ ఐటీ విభాగం చెప్పిన టైముకి చెప్పిన హ్యాష్‌ట్యాగ్ కొట్టేవాళ్లుంటారు, డల్లాస్‌లో కూర్చుని రాసేవాళ్లుంటారు. ప్రవాస ఓటరు పోలింగు రోజు స్వయంగా బూతుకి రావాలి, ట్వీటు మాత్రం ఎక్కణ్ణుంచైనా పడుతుంది. ఎలాగూ కొన్నారు గనక రీట్వీట్లు తీసేసి, పోస్టుల బదులు ఖాతాలు లెక్కపెట్టండి. మంచీ చెడూ తేల్చే సాఫ్ట్‌వేర్‌ని తెలుగు మీద నమ్మకండి. 'మా ఊరి రోడ్లు అద్దంలా ఉన్నాయి, మొహం చూసుకోవచ్చు' అన్న వెటకారం దానికి మెచ్చుకోలు.

ట్వీట్లు లెక్కేసి ఫలితం చెప్పే పద్ధతికి పేరు తెచ్చింది 2009 జర్మనీ ఎన్నికల మీద వచ్చిన అధ్యయనం. లక్షకి పైగా ట్వీట్లలో ఆరు పార్టీల ప్రస్తావనలు లెక్కేస్తే, అవి ఓట్ల వాటాకి దగ్గరగా వచ్చాయి, సగటు తేడా 1.65 శాతమే. తర్వాత వేరే పరిశోధకులు అదే లెక్కలో పైరేట్ పార్టీ అనే చిన్న పార్టీని చేర్చి చూశారు. ప్రస్తావనల్లో అన్నిటికంటే ముందున్నది అదే. ఓట్లలో దానికి దక్కింది 2 శాతం.

మన పైరేట్ పార్టీ 2019 నాటి జనసేన. ఆన్‌లైన్ సందడికి లోటు లేదు. ఓట్లు అయిదున్నర శాతం, సీటు ఒకటి, అధినేత పోటీ చేసిన గాజువాక, భీమవరం రెండూ పోయాయి. 2024లో పోటీ చేసిన 21 చోట్లా గెలిచింది. ఈ మధ్యలో పొత్తు కుదిరింది, పోటీ చేసే స్థానాలు తగ్గాయి. ఆ రెండూ ఏ ట్రెండు గీతలోనూ కనిపించేవి కావు. పోనీ ఓట్ల శాతం పక్కాగా దొరికిందనుకున్నా సీట్లు తేలవు. 2019లో 39 శాతం తెచ్చుకున్న టీడీపీకి 23 సీట్లొస్తే, 2024లో దాదాపు అంతే తెచ్చుకున్న వైసీపీకి వచ్చినవి 11.

డబ్బు తీసుకుని సోషల్ మీడియా అంచనాలు అమ్మేవాళ్లు తలుపు తడితే డ్యాష్‌బోర్డు చూడకండి. ఏ మాటలు, ఏ తేదీలు, ఏ సూత్రం అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి. ఆ సూత్రంతోనే 2019 జనసేనకి ఎన్ని సీట్లొస్తాయో వాళ్ల చేతే లెక్క కట్టించండి. ఫలితం వచ్చాక అంకెలు సర్ది 'మేం ముందే చెప్పాం' అనేవాళ్ల దగ్గర ఆ కాగితం ఉండదు.