మొదటి హైకింగ్‌కి ఏ పార్కు? సెంట్రల్ పార్క్, గ్రిఫిత్, ఫారెస్ట్ పార్క్

హైకింగ్‌కి కొత్తవాళ్ళు ఊళ్ళోని పెద్ద పార్కుతో మొదలుపెట్టడం మంచిదే. "సిటీలోనే కదా" అని నీళ్ళు, మ్యాప్ లేకుండా బయల్దేరితేనే తిప్పలు. పెద్ద పార్కుల్లో దారులు మరీ ఎక్కువ. ఒక చీలిక దగ్గర తప్పు వైపు తిరిగితే ఆ సంగతి తెలిసేసరికి ఇంకో రెండు చీలికలు దాటేసి ఉంటారు. అందుకే మైళ్ళ లెక్క కన్నా ముందు రెండు విషయాలు చూసుకోవాలి. కాళ్ళు లాగేస్తే మధ్యలో ఎక్కడ బయటపడొచ్చు? ఎక్కే భాగం మొదట్లో వస్తుందా, చివర్లో వస్తుందా? అమెరికాలోని మూడు పార్కులను ఈ లెక్కతో పోల్చి చూడొచ్చు.

బయటపడటం అన్నిటికన్నా తేలిక న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో. 843 ఎకరాల పార్కులో హైకింగ్ అనిపించేది ఉత్తరపు కొసన ఉన్న నార్త్ వుడ్స్ మాత్రమే. 103వ వీధి సబ్‌వే స్టేషన్‌లో దిగి, పూల్ అనే చిన్న చెరువు పక్కగా గ్లెన్ స్పాన్ ఆర్చ్ కింది నుంచి లోయలోకి దిగాలి. వాగు వెంట నడిస్తే హడిల్‌స్టోన్ ఆర్చ్ వస్తుంది. సున్నం, సిమెంటు లేకుండా పెద్ద బండలను ఒకదానిమీద ఒకటి నిలబెట్టి కట్టిన వంతెన అది. అది దాటాక హార్లెమ్ మీర్ చెరువు. వెనక్కి వచ్చేటప్పుడు బ్లాక్‌హౌస్ అనే పాత రాతి కోట, గ్రేట్ హిల్ అనే గుట్ట మీదుగా తిరిగితే మొత్తం రెండు మైళ్ళకు అటూ ఇటూ. దారి తప్పితే దీపస్తంభం మీది నంబర్ చూడండి. మొదటి అంకెలు దగ్గర్లోని వీధిని చెబుతాయి. చివరి అంకె సరి సంఖ్య అయితే తూర్పు వైపు, బేసి అయితే పడమర వైపు ఉన్నట్టు. వారాంతంలో బి రైలు నడవదు, ఆ స్టేషన్‌కి సి రైలే దిక్కు. పార్కు లోపలి రోడ్డు దాటేటప్పుడు మాత్రం సైకిళ్ళను రెండు సార్లు చూసుకోవాలి, చాలా వేగంగా వస్తాయి. చెట్ల గుబురు చూసి పార్కు నడిమిలోని ర్యాంబుల్ అనే చోటికి వెళ్ళాలనిపిస్తుంది గానీ, అక్కడి దారులన్నీ మెలికలే. షికారుకి బాగుంటుంది, ఒక లెక్క ప్రకారం నడవడానికి పనికిరాదు.

లాస్ ఏంజెలెస్ గ్రిఫిత్ పార్క్ తీరు వేరు. నాలుగు వేల ఎకరాలు దాటిన ఎండు కొండలు, నీడ చాలా తక్కువ. చాలామంది కారులో కొండ మీది అబ్జర్వేటరీ (నక్షత్రాలు చూసే కేంద్రం) దాకా వెళ్ళిపోయి, అక్కడి నుంచి కొండ కింది ఫెర్న్ డెల్ వైపు దిగుతారు. దిగడం హాయిగానే ఉంటుంది. అసలు కష్టం తిరుగు దారిలో, ఎండ ముదిరాక, నీళ్ళు అయిపోయాక మొదలవుతుంది. దీన్ని తిరగేయండి. ఫెర్న్ డెల్ దగ్గర చెట్ల నీడలో మొదలుపెట్టి పైకి ఎక్కండి. వెళ్ళడానికి మైలుంపావు, ఎక్కేది 500 అడుగుల పైచిలుకు. అలసట వచ్చాక మిగిలేది దిగుడే. ఓపిక ఉంటే అబ్జర్వేటరీ నుంచి 1,625 అడుగుల మౌంట్ హాలీవుడ్ దాకా పోయి రావచ్చు, రానూపోనూ ఇంకో మూడు మైళ్ళు కలుపుకోవాలి. మొదటిసారికి అది వద్దనే మా సలహా.

అబ్జర్వేటరీ సోమవారం మూసి ఉంటుంది, మంగళవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం 12కి గానీ తెరవరు. పొద్దున్నే ఎక్కేవాళ్ళు లోపలి క్యాంటీన్‌ని నమ్ముకోకూడదు. కారు లేనివాళ్ళకు మెట్రో బి లైన్‌లోని వర్మాంట్-సన్‌సెట్ స్టేషన్ నుంచి డ్యాష్ అనే సిటీ బస్సు అబ్జర్వేటరీకి వెళ్తుంది. దిగేటప్పుడు మోకాళ్ళు మొరాయిస్తే అదే బస్సు అక్కరకొస్తుంది. బస చూసుకునేటప్పుడు గది వైశాల్యం కన్నా ఆ బి లైన్‌కి నడిచేంత దగ్గరా కాదా అన్నది చూసుకోవడం మేలు, ఎందుకంటే కొండ మీద పార్కింగ్ ఖరీదు, వారాంతంలో దొరకదు కూడా. వేసవిలో ఉదయం తొమ్మిదిలోపే దిగిపోయేలా వెళ్ళాలి. ర్యాటిల్ అనే విషపు పాములు ఉంటాయి, దారి అంచు పొదల్లో చెయ్యి పెట్టకూడదు.

నిజమైన అడవిలా ఉండేది ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ ఫారెస్ట్ పార్క్. 5,200 ఎకరాలు, 80 మైళ్ళకు పైగా దారులు. ఇక్కడ కొత్తవాళ్ళు చేసే పొరపాటు లోయర్ మెక్లే అనే ట్రెయిల్ మొదలు నుంచి ఒకేసారి కొండ మీది పాత భవనం పిట్టక్ మ్యాన్షన్‌కి గురిపెట్టడం. వెళ్ళడానికి రెండున్నర మైళ్ళు, ఎక్కేది సుమారు 900 అడుగులు, అందులో కార్నెల్ రోడ్డు దాటాక వచ్చే మెలికల దారే నిటారు. బాల్చ్ వాగు వెంట ముప్పావు మైలు పోతే స్టోన్ హౌస్ అనే పాడుబడ్డ రాతి కట్టడం వస్తుంది. భూతాల కోటలా కనిపించే ఆ కట్టడం ఒకప్పుడు మరుగుదొడ్డి! మొదటిసారికి అక్కడి నుంచే వెనక్కి తిరగండి. రెండోసారి పిట్టక్ చూద్దురు గానీ.

అక్కడి నుంచి పైకి సాగేది వైల్డ్‌వుడ్ ట్రెయిల్. ప్రతి పావు మైలుకూ చెట్టు మీద నీలిరంగు డైమండ్ ఆకారపు గుర్తు, దాని మీద మైలు సంఖ్య ఉంటాయి. ఆ అంకెలు దక్షిణపు కొస నుంచి లెక్కపెట్టినవి కాబట్టి, స్టోన్ హౌస్ దగ్గర అయిదు కనిపించినంత మాత్రాన మీరు అయిదు మైళ్ళు నడిచినట్టు కాదు. పిట్టక్ వైపు వెళ్తుంటే అంకెలు తగ్గుతూ రావాలి. పెరుగుతున్నాయంటే ఎదురు దారిలో ఉన్నారు.

సమయం లెక్కకి 1892 నాటి నైస్మిత్ సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. గంటకి మూడు మైళ్ళు, ఎక్కే ప్రతి 2,000 అడుగులకి ఇంకో గంట. కానీ అది ఆగకుండా నడిచే గట్టివాళ్ళ లెక్క, కొత్తవాళ్ళు దానికి ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి. అలా చూస్తే ఫెర్న్ డెల్ నుంచి అబ్జర్వేటరీకి రానూపోనూ గంటా నలభై నిమిషాలు, పిట్టక్‌కి మూడు గంటల పైనే. గంటకి అర లీటరు నీళ్ళు, గ్రిఫిత్ ఎండలో అయితే రెట్టింపు. వెనక్కి తిరిగే గడియారపు సమయాన్ని ముందే పెట్టుకుని, ఎక్కడ ఉన్నా అప్పుడు తిరిగిపోవాలి. పోర్ట్‌లాండ్‌లో డిసెంబరులో నాలుగున్నరకే సూర్యాస్తమయం, చెట్ల కింద చీకటి ఇంకా ముందే పడుతుంది. లోయల్లో ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్‌ను ముందే దించుకోండి.

వానలు పడే చలికాలంలో ఫారెస్ట్ పార్క్‌లో బురద తప్పదు. అడుగున గాట్లు లోతుగా ఉన్న బూట్లు వేసుకుని బురదలోంచే నడవాలి. పక్కనుంచి వెళ్తే దారి వెడల్పై అంచు కోసుకుపోతుంది. బసకి వాయవ్య భాగంలోని 23వ అవెన్యూ ప్రాంతం అనువైనది. స్ట్రీట్‌కార్ (ట్రామ్) అక్కడిదాకా వస్తుంది, లోయర్ మెక్లే మొదలు మైలుకు అటూ ఇటూ. కారులో వెళ్తే సీట్ల మీద బ్యాగులు, ఫోన్లు వదలకండి, ట్రెయిల్ మొదట్లో ఆపిన కార్ల అద్దాలు పగలగొట్టడం అక్కడ కొత్తేమీ కాదు.